నిమిషానికోసారి తెంపిన తీగ

గోదావరిఖనిలోని మా స్టడీరూమ్‌లో నెట్ ఊరికే తెగిపోతోందని పిల్లలు చెబుతుంటే చాలాకాలం రౌటర్‌ను తిట్టాను. కేబుల్ లాగినవాళ్లను అనుమానించాను. గాలివాన మీదికి నెట్టాను. చివరికి తేలిందేమిటంటే, తెంపుతున్నది నేనే. నేను రాసిపెట్టిన చిన్న స్క్రిప్టు ఒకటి నిమిషానికోసారి లేచి చూసి, ఒక్కోసారి బాగున్న కనెక్షన్‌ను కూడా తెంపి మళ్లీ కలుపుతోంది. మంచి చేస్తున్నాననుకుంటూ చేసిన పని అది. లినక్స్ పెట్టిన పాత ల్యాప్‌టాప్‌లతో గదులు నడుపుతున్నవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉంటారు. వాళ్లకు పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది సింగరేణి కార్మికుల కాలనీ. రామగుండం ఒకటి, రెండు, మూడు ఏరియాల గనులన్నీ మా చుట్టే. మా బాపు భూగర్భ గనిలో మైనింగ్ సర్దార్‌గా చేసి రిటైరయ్యాడు. ఇక్కడి పిల్లల్లో చాలామంది ఏదో ఒక పోటీ పరీక్షకు చదువుతూనే ఉంటారు. బాపు ఉద్యోగం వారసత్వంగా వస్తుందన్న ధీమా అందరికీ లేదు. కాంట్రాక్టు పనికి పోతూ మధ్యలో చదివేవాళ్లూ ఉన్నారు. రాత్రి 11 గంటల షిఫ్టుకు పోయి, పొద్దున 7 గంటలకు బయటికొచ్చి, కొంచెం నిద్రపోయి మధ్యాహ్నానికి పుస్తకం పట్టుకుంటారు. 2022లో సింగరేణి 177 జూనియర్ అసిస్టెంట్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు మా కాలనీలో చదువుకున్న ప్రతి ఇంట్లోనూ అదే మాట. ఇప్పుడు దరఖాస్తు, ఫీజు, హాల్‌టికెట్, మాక్ టెస్టు, అన్నీ ఆన్‌లైన్‌లోనే. నెట్ లేని స్టడీరూమ్ అంటే సగం స్టడీరూమే.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి ఆఫీసుల్లో వాడి తీసేసిన ల్యాప్‌టాప్‌లు తెచ్చాం. ర్యామ్ తక్కువ, వయసు ఎక్కువ. వాటి మీద డెబియన్ 12, తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ పెట్టాను. అవి చక్కగా నడిచాయి. ఈ నిర్ణయం మీద నాకు ఇప్పటికీ గర్వమే. లైసెన్సు ఖర్చు లేదు, వైరస్ గొడవ లేదు, తెలుగు కీబోర్డు ముందే ఉంది. వైఫై మాత్రం పనికి రాలేదు. గది నిండా ఫోన్లు, చుట్టూ క్వార్టర్ల రౌటర్లు, మందపాటి గోడలు. అందుకని ఒక చిన్న స్విచ్ తెచ్చి, ప్రతి బల్ల దగ్గరికీ ల్యాన్ కేబుల్ లాగాం. తీగ ఉంటే మాక్ టెస్టు మధ్యలో ఆగదని పిల్లలకు చెప్పింది నేనే.

మొదటి తప్పు అక్కడే జరిగింది. కాలేజీలో లినక్స్ నేర్చుకున్నప్పుడు ల్యాబ్‌లో ఉన్నవన్నీ డెస్క్‌టాప్‌లు. బల్ల మీంచి కదలవు, వాటి కేబుల్ ఎవరూ పీకరు. అప్పటి నోట్సులో ఉన్నట్టే ఇక్కడా ఈటీసీ కింద నెట్‌వర్క్ ఫోల్డర్‌లోని ఇంటర్‌ఫేసెస్ ఫైలు తెరిచి, నెట్‌వర్క్ కార్డు పేరు ముందు ‘ఆటో’ అని రాసి, కింద డీహెచ్‌సీపీ వరుస చేర్చాను. ఇక దానంతట అదే కలుపుకుంటుందనుకున్నాను. ఆ వరుస చెప్పేది అంత కాదు. యంత్రం లేచేటప్పుడు ఒకసారి కార్డును లేపి అడ్రసు అడగమని మాత్రమే దానర్థం. తర్వాత కేబుల్ ఊడిందా, మళ్లీ పెట్టారా, వేరే చోట పెట్టారా అన్నది అది చూడదు.

ల్యాప్‌టాప్ ఒక చోట ఉండేది కాదు. ఒకరు కిటికీ దగ్గరికి తీసుకుపోయి ఆన్ చేస్తారు, తర్వాత బల్ల దగ్గరికొచ్చి కేబుల్ పెడతారు. ఆన్ చేసేటప్పుడు కేబుల్ లేదు కాబట్టి ‘రైజ్ నెట్‌వర్క్ ఇంటర్‌ఫేసెస్’ అన్న వరుస దగ్గర తెర నిలబడిపోతుంది. ఎంతకో ముందుకు కదిలినా అడ్రసు ఉండదు. అప్పుడు కేబుల్ పెడితే పోర్టు దగ్గర దీపం వెలుగుతుంది కానీ నెట్ రాదు. ఇంకొకరు మూత మూసి ఇంటికి తీసుకుపోయి అక్కడి రౌటర్‌కు తీగ పెడితే, మా గదిలో తీసుకున్న పాత అడ్రసే పట్టుకుని కూర్చుంటుంది. “అన్నా, లైటొస్తుంది గని నెట్టు రావట్లే” అని ఫోన్. “ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చెయ్” అని నా జవాబు. ఆ జవాబుతో పని జరుగుతోంది కాబట్టి నేను ఆలోచించడం మానేశాను. యంత్రాన్ని ఆపి లేపితే ఆ ఒక్క వరుస మళ్లీ నడుస్తుంది, తప్పు కనపడకుండా పోతుంది. నా నిర్లక్ష్యాన్ని అన్నాళ్లు దాచిపెట్టింది ఆ రీబూటే.

తర్వాత ‘ఆటో’ తీసేసి ‘అలౌ-హాట్‌ప్లగ్’ అని రాశాను. అదీ పొరపాటే. అది పట్టించుకునేది కార్డు రావడాన్ని, కేబుల్ రావడాన్ని కాదు. యూఎస్‌బీకి తగిలించే ల్యాన్ అడాప్టర్ల లాంటివాటికి దాని అవసరం ఉంది. ల్యాప్‌టాప్‌లో ఉన్న కార్డు మొదటినుంచీ అక్కడే ఉంటుంది. వచ్చేదీ పోయేదీ తీగ. పూర్వం ఇలా తీగ రాకపోకలు కనిపెట్టడానికే లెనార్ట్ పోటరింగ్ రాసిన ఇఫ్‌ప్లగ్‌డీ అనే చిన్న ప్రోగ్రామ్ ఉండేది. అంటే నా సమస్య కొత్తది కాదు. నాకంటే చాలా ముందే అందులో పడినవాళ్లు దారి వేసిపెట్టారు. నేను వెతకలేదు.

వెతక్కుండా సొంత మందు కలిపాను. చెప్పిన వేళకు పనులు నడిపే క్రాన్‌లో ఒక స్క్రిప్టు పెట్టాను. ప్రతి నిమిషం బయటి ఇంటర్నెట్‌లోని ఒక అడ్రసుకు పింగ్ పంపుతుంది, జవాబు రాకపోతే కార్డును కిందికి దించి మళ్లీ పైకి లేపుతుంది. అన్ని ల్యాప్‌టాప్‌లలోనూ అదే. పెట్టిన రోజు ఎంతో హాయిగా అనిపించింది. కేబుల్ పీకి పెడితే నిమిషం తిరిగేలోపు నెట్ వచ్చేస్తోంది. ఫోన్లు తగ్గాయి. పిల్లలు మెచ్చుకున్నారు.

ఆ స్క్రిప్టు తీగ ఉందా లేదా అని చూడటం లేదు. ఊరి బయట, రాష్ట్రం బయట ఎక్కడో ఉన్న యంత్రం పలుకుతోందా అని చూస్తోంది. ఒకే లైను మీద నలుగురు వీడియో పాఠాలు చూస్తుంటే ఒక్క పింగ్ తప్పిపోవడం మామూలే. అది తప్పినప్పుడల్లా, బాగున్న కనెక్షన్‌ను నా స్క్రిప్టు తెంపేది. తెంపితే మళ్లీ అడ్రసు వచ్చేదాకా కొన్ని సెకన్లు ఖాళీ. వీడియో చూసేవాళ్లకు అది తెలియకపోవచ్చు. దరఖాస్తు నింపేవాళ్లకు తెలుస్తుంది.

ఒక అమ్మాయి ఆఖరి తేదీ సాయంత్రం మా గదిలో కూర్చుని దరఖాస్తు నింపింది. వాళ్ల నాన్న కాంట్రాక్టు కార్మికుడు. ఫీజు కట్టి, బ్యాంకు పేజీ నుంచి వెనక్కి వచ్చే క్షణంలో నెట్ తెగింది. ఖాతాలో డబ్బు పోయింది, దరఖాస్తులో మాత్రం ఫీజు కట్టలేదనే ఉంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద ఇంకోసారి కట్టి, గడువులోపే పంపించింది. మొదట పోయిన డబ్బు తర్వాత తిరిగొచ్చింది కానీ, రెండోసారి కట్టడానికి ఆ సాయంత్రం పక్కవాళ్ల దగ్గర అప్పు తీసుకోవాల్సి వచ్చింది. “లైను మంచిగ లేదమ్మా” అని నేను ఆమెకు చెప్పాను. ఆ మాట అబద్ధమని నాకు అప్పటికి తెలియదు. తెలిసిన తర్వాత ఆమెకు నిజం చెప్పాను.

తెలిసింది కూడా అనుకోకుండానే. మా గదిలో ఒక యంత్రాన్ని సర్వర్‌గా పెట్టుకున్నాం. పాత ప్రశ్నపత్రాలు, కీవిక్స్‌లో తెలుగు వికీపీడియా అందులో ఉంటాయి. బయటి ఇంటర్నెట్ పోయినా గది లోపల అవి చదువుకోవచ్చు. ఎంతో ఇష్టంగా చేసిన ఏర్పాటు అది. ఒక గాలివాన రాత్రి ఫైబర్ లైను తెగింది. గదిలో స్విచ్ వెలుగుతోంది, సర్వర్ నడుస్తోంది, ప్రశ్నపత్రాలు మాత్రం ఎవరికీ తెరుచుకోవడం లేదు. తెరుచుకున్నట్టే తెరుచుకుని పోతున్నాయి. బయటి లైను తెగితే లోపలి తీగ ఎందుకు తెగాలి? ఆ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు. జర్నల్‌సీటీఎల్‌తో లాగ్ తెరిస్తే నిమిషం నిమిషానికీ అదే వరుస: కార్డు దిగింది, కార్డు లేచింది. గడియారం పట్టుకుని కొట్టినట్టు. వాన ఎప్పుడూ నిమిషం లెక్కన కొట్టదు. కొడుతున్నది నా క్రాన్.

ఆ రాత్రే ఇంకో తప్పు చేశాను, తొందరలో. డెబియన్ డెస్క్‌టాప్‌తోపాటే నెట్‌వర్క్‌మేనేజర్ వస్తుంది. రెడ్ హ్యాట్ 2004లో మొదలుపెట్టిన ప్రోగ్రామ్ ఇది. తీగ రాకపోకలు చూసుకోవడం దాని పనే. కానీ ఇంటర్‌ఫేసెస్ ఫైలులో పేరు రాసి ఉన్న కార్డును అది ‘అన్‌మేనేజ్డ్’ అని గుర్తువేసి ముట్టుకోదు. ఎవరో పెద్దమనిషి చూసుకుంటున్నాడని పక్కకు తప్పుకుంటుంది. నేను ఆ ఫైలులోని వరుసలు తీయకుండా, నెట్‌వర్క్‌మేనేజర్ సెట్టింగుల్లో మాత్రం ‘మేనేజ్డ్’ను నిజం చేశాను. అంతే, ఒకే కార్డు మీద ఇద్దరు. పాతది అడ్రసు అడుగుతుంది, కొత్తదీ అడుగుతుంది, మధ్యలో నా స్క్రిప్టు వచ్చి దించుతుంది. ఒక్కోసారి ఒకే కార్డుకు రెండు అడ్రసులు కనపడేవి.

పొద్దున చాయ్ తాగుతూ బాపుకు ఇదంతా చెప్పాను. ఆయనకు కంప్యూటర్ తెలియదు. కొంచెం సేపు విని అడిగాడు: “ఒక్క డిస్ట్రిక్టుకు ఒక్క షిఫ్టుల ఇద్దరు సర్దార్లు ఉంటరారా? ఎవలు చార్జి తీస్కుంటే వాళ్లదే జిమ్మ.” గనిలో సర్దార్ పని నాకు చిన్నప్పటి నుంచి విని తెలుసు. షిఫ్టు మొదలవక ముందే తన డిస్ట్రిక్టులో, అంటే గనిలో తనకు అప్పగించిన భాగంలో, పైకప్పు, గ్యాస్ పరీక్షించాలి, రిపోర్టు పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి, తర్వాతి సర్దార్ వచ్చి చార్జి తీసుకునేదాకా వదిలిపోకూడదు. గనిలో అది ప్రాణాలకు సంబంధించిన నియమం. దాన్ని నా తీగల గొడవతో సమానం చేయను. కానీ ఆయన అడిగిన ప్రశ్న నేను మొదటి రోజు వేసుకోవాల్సిన ప్రశ్న. ఈ కార్డు ఎవరి చార్జిలో ఉంది?

ఆ ప్రశ్నకు జవాబు ఒక్క ఆదేశంలో దొరుకుతుంది. ఎన్‌ఎమ్‌సీఎల్‌ఐ డివైస్ అని టెర్మినల్‌లో కొడితే ప్రతి కార్డు ఎదురుగా దాని స్థితి కనపడుతుంది. తీగ కార్డు ఎదురుగా ‘అన్‌మేనేజ్డ్’ అని ఉంటే నెట్‌వర్క్‌మేనేజర్ దాన్ని చూసుకోవడం లేదు. ‘అన్‌అవైలబుల్’ అంటే సాధారణంగా తీగ లేదు, లేదా అవతలి స్విచ్‌కు కరెంటు లేదు. ‘డిస్‌కనెక్టెడ్’ అంటే తీగ ఉంది కానీ కలవలేదు. ‘కనెక్టెడ్’ అని ఉండి కూడా పేజీలు తెరుచుకోకపోతే తప్పు తీగది కాదు, దాని అవతలిది. ఈ తేడాలు తెలియకే ప్రతి రోగానికీ రీబూట్ అనే ఒక్క మందు వేశాను.

తీగ ఉందో లేదో లినక్స్‌కు ఎలా తెలుస్తుందన్నది కూడా అప్పుడే శ్రద్ధగా చదివాను. కార్డు అవతలి స్విచ్ నుంచి సంకేతం అందుకుంటే కెర్నెల్ దాన్ని క్యారియర్ అంటుంది. సిస్ కింద క్లాస్, దాని కింద నెట్, అందులో కార్డు పేరుతో ఉన్న ఫోల్డర్‌లో క్యారియర్ అనే ఫైలు ఉంటుంది. తీగ పలికితే అందులో 1, లేకపోతే 0. తీగ పెట్టిన క్షణమే కెర్నెల్ ఆ కబురు బయటికి చెబుతుంది. నెట్‌వర్క్‌మేనేజర్ ఆ కబురు విని అడ్రసు అడుగుతుంది. ప్రతి నిమిషం ఎవరూ లేచి చూడనక్కర్లేదు. కబురు వచ్చినప్పుడు కదిలితే చాలు.

ఇక బాగుచేయడం చెబుతాను. ఇది చిన్న పని. క్రాన్‌లోంచి స్క్రిప్టు తీసేశాను. ఇంటర్‌ఫేసెస్ ఫైలులో లూప్‌బ్యాక్ వరుసలు మాత్రం ఉంచి, కార్డు వరుసలు తీసేశాను. ఆ రాత్రి మార్చిన ‘మేనేజ్డ్’ను కూడా మునుపటి స్థితికి తెచ్చాను. యంత్రాన్ని ఒక్కసారి ఆపి లేపాక, నెట్‌వర్క్‌మేనేజర్ తీగ కార్డును తన చేతుల్లోకి తీసుకుంది. కనెక్షన్ ప్రొఫైల్‌లో ‘ఆటోకనెక్ట్’ అవును అని ఉందో లేదో చూశాను, మామూలుగా ఉంటుంది. కేబుల్ పీకాను, పెట్టాను. కొన్ని సెకన్లలో నెట్ వచ్చింది. మూత మూసి తెరిచాను, వచ్చింది. ఇంటికి తీసుకుపోయి అక్కడి రౌటర్‌కు పెట్టాను, అక్కడి అడ్రసు తీసుకుంది. అన్నాళ్లు నేను పడ్డ పాట్లు, పిల్లలను పెట్టిన తిప్పలు, ఇవన్నీ యంత్రంలో ముందే ఉన్న పనిని అడ్డుకోవడం వల్ల వచ్చినవే.

ఒక్క చిక్కు మిగిలింది, అది మా ఊరిలాంటి చోట్ల అందరికీ ఎదురయ్యేది. 2600 మెగావాట్ల ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రం పక్కనే ఉన్నా, గాలివాన వస్తే వీధి లైను పోతుంది. డెస్క్‌టాప్ అయితే కరెంటుతోపాటే ఆగి, కరెంటుతోపాటే లేస్తుంది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది. కరెంటు రాగానే స్విచ్ వెంటనే వెలుగుతుంది, తీగ పలుకుతుంది, ల్యాప్‌టాప్ అడ్రసు అడగడం మొదలుపెడుతుంది. అడ్రసు ఇవ్వాల్సిన రౌటర్ మాత్రం ఇంకా లేవలేదు. నెట్‌వర్క్‌మేనేజర్ ఒక్కో ప్రయత్నానికి మామూలుగా 45 సెకన్లు ఎదురుచూస్తుంది, 4 సార్లు ప్రయత్నించి కొంతసేపు ఊరుకుంటుంది. ఊరుకున్న ఆ కాసేపట్లో రౌటర్ లేచినా దానికి తెలియదు. తీగ రౌటర్‌కు కాదు, స్విచ్‌కు ఉంది, స్విచ్ సంకేతంలో మార్పేమీ లేదు కదా. దీనికి ప్రొఫైల్‌లోనే మందు ఉంది. ‘ఆటోకనెక్ట్-రిట్రైస్’ అన్న చోట 0 అని పెడితే విసుగు లేకుండా ప్రయత్నిస్తూనే ఉంటుంది. మా గది యంత్రాలన్నింటికీ అదే పెట్టాను. కరెంటు పోయి వచ్చాక ఇప్పుడు నాకు ఫోన్లు రావడం లేదు.

ఫోన్ హాట్‌స్పాట్ విషయం కూడా చెప్పాలి. తీగ పోయినప్పుడు పిల్లలు సొంత డేటా పెట్టి హాట్‌స్పాట్‌కు కలుపుకుంటారు. తీగ తిరిగొచ్చాక కూడా డేటా ఖర్చవుతోందేమోనని భయపడేవాళ్లు. నెట్‌వర్క్‌మేనేజర్ మామూలుగా తీగ దారికి 100, వైఫై దారికి 600 అని అంకె వేస్తుంది. చిన్న అంకె ఉన్న దారికే ముందు పోతుంది. తీగ రాగానే ప్రయాణం దానంతట అదే తీగ మీదికి మారుతుంది.

చేత్తో ఆపిన కనెక్షన్ సంగతి వేరు. ఒకబ్బాయి ప్యానెల్‌లో తీగ గుర్తు మీద ‘డిస్‌కనెక్ట్’ నొక్కాడు. తర్వాత కేబుల్ ఎన్నిసార్లు పెట్టినా రాలేదు. మళ్లీ నా సెట్టింగే తప్పేమోనని గుండె జారింది. తప్పు కాదు. మనిషి కావాలని ఆపినదాన్ని, మనిషి మళ్లీ చెప్పేదాకా తనంతట తాను కలపకూడదని ఆ ప్రోగ్రామ్ రాసినవాళ్లు నిర్ణయించారు. నాకు ఆ నిర్ణయం నచ్చింది. అదే ప్యానెల్‌లో కనెక్షన్ పేరు నొక్కితే మళ్లీ మామూలవుతుంది. నా పాత స్క్రిప్టు అయితే ఆ అబ్బాయి మాట వినేదే కాదు. వాడు ఆపినా నిమిషంలో బలవంతంగా కలిపేది.

ఇవన్నీ చూసిన తర్వాత కూడా తెగే తీగలు కొన్ని మిగిలాయి. వాటికి కారణం క్లిప్పు. ల్యాన్ కేబుల్ చివర ఉండే ప్లాస్టిక్ నాలుక విరిగితే కేబుల్ పోర్టులో వదులుగా ఆడుతుంది. పుస్తకం తగిలినా దీపం ఆరుతుంది. మా దగ్గర బొగ్గు దుమ్ము కూడా ఎక్కువ, పోర్టులు తుడవాలి. కొత్త కనెక్టర్లు తెచ్చి క్రింప్ చేశాం. సాఫ్ట్‌వేర్ మీద అన్ని రాత్రులు ఖర్చుపెట్టిన నేను, ఈ పని మొదటి రోజే చేసి ఉండాల్సింది.

ఇప్పుడు మా గది గోడ మీద ఒక కాగితం అంటించాం. ఏ యంత్రంలో ఏ సెట్టింగు మార్చామో, ఎందుకు మార్చామో, ఎవరు మార్చారో తేదీతో రాస్తాం. నేను లేనప్పుడు ఇంకొకరు బాగుచేయాలంటే, నా చేతులు ఎక్కడెక్కడ పెట్టానో వాళ్లకు తెలియాలి కదా.

మీ లైబ్రరీలోనో బడిలోనో ఇంట్లోనో లినక్స్ ల్యాప్‌టాప్ తీగ పెట్టగానే కలవకపోతే, స్క్రిప్టు రాయడానికి ముందు క్లిప్పు చూడండి, దీపం చూడండి, ఆ కార్డు ఎవరి చార్జిలో ఉందో ఎన్‌ఎమ్‌సీఎల్‌ఐని అడగండి. ఇప్పటికే నాలాంటివాడెవరైనా నెట్‌వర్క్‌ను నిమిషానికోసారి దించి లేపే వరుస మీ క్రాన్‌లో పెట్టి ఉంటే, ఈ రోజే తీసేయండి. ఆ యంత్రం ముందు ఇప్పుడే ఎవరో ఫీజు కడుతూ ఉండవచ్చు.